మూడు, రెండు, మూడు

యాదవ్వ నోరు తెరవడానికే సిగ్గుపడింది. కుర్చీలో వెనక్కి వాలాక కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది.

"జర వాసనొస్తదేమో మేడం. పొద్దుగాల్నించి రెండు పారీలు తోముకొనే వచ్చిన."

డాక్టర్ జానకి మాస్కు సర్దుకుంటూ నవ్వింది. "మాకిది అలవాటే యాదవ్వా. తెరవండి."

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, సూట్‌కేసుల షాపు పైన రెండో అంతస్తులో ఇరవై నాలుగేళ్ళుగా నడుస్తోంది జానకి పళ్ళ ఆసుపత్రి. వచ్చేవాళ్ళలో సగంమంది దవడ వాస్తే తప్ప మెట్లెక్కరు. యాదవ్వ అలాంటి మనిషి కాదు. నాంపల్లిలో ఎగ్జిబిషన్ గ్రౌండు గోడ పక్కన సాయంత్రాలు జొన్నరొట్టెలు చేసి అమ్ముకునే ఆ మనిషి, ఎనిమిదేళ్ళ కిందట జానకి ఒక్కసారి చెప్పిన మాట పట్టుకుని, ఆర్నెల్లకోసారి తప్పకుండా వస్తుంది. "రమ్మంటిరి, వచ్చిన" అంటుంది. పెద్ద చదువులు చదివిన రోగులు మొహం చాటేసినప్పుడల్లా జానకి ఈవిడ సంగతే చెప్పి దెప్పేది.

ఈసారి యాదవ్వ కోడలిని తోడు తెచ్చుకుంది. భవ్య ఇంటి దగ్గర జాకెట్లు కుడుతుంది. పనిలోంచి అలాగే లేచి వచ్చినట్టుంది, మెడలో కొలతల టేపు వేలాడుతోంది.

"రొట్టె నములుతలేదు మేడం," అంది భవ్య. "ఊరందరికి రొట్టెలు జేస్తది, తనేమో పాలల్ల నానవెట్టుకొని తింటది. నాల్గు దినాల సంది అది గూడ లేదు. గంజే."

యాదవ్వ కుడివైపు కింద దవడ చూపించింది. జానకి అద్దం పిడితో అక్కడి పెద్ద పన్నును తాకింది. అది కదిలింది. దాని పక్కది తాకింది. అదీ కదిలింది.

జానకి అద్దం పక్కన పెట్టింది.

"విజయా, ప్రోబ్ ఇవ్వు."

పద్నాలుగేళ్ళుగా అసిస్టెంటుగా ఉన్న విజయకు కూడా అది ట్రేలో ఏ మూల ఉందో వెతుక్కోవలసి వచ్చింది. సన్నటి ఉక్కు పుల్ల అది. కొసన మిల్లీమీటర్ల లెక్కన నల్లగీతలుంటాయి. పంటికీ చిగురుకీ మధ్య సందులో మెల్లగా దింపి, ఎంత లోతు దిగిందో ఆ గీతలు చూసి చెప్పాలి. గట్టి చిగురైతే మూడు మిల్లీమీటర్లు దాటనివ్వదు. ప్రతి పంటికీ బయటివైపు మూడు చోట్ల, లోపలివైపు మూడు చోట్ల కొలవాలి. డాక్టరు అంకె చెబితే అసిస్టెంటు కార్డు మీద గడిలో వేస్తుంది.

"ఏడు," అంది జానకి.

విజయ పెన్ను కదల్లేదు. "ఎంత మేడం?"

"ఏడు. ఆరు. ఎనిమిది."

ఎనిమిది దిగినచోట చిగురు అంచే రెండు మిల్లీమీటర్లు కిందికి జారి ఉంది. ఆ రెండూ కలుపుకుంటే, పది మిల్లీమీటర్ల మేర వేరుకు పట్టే లేదు. ముందు పళ్ళ దగ్గర ప్రోబ్ మూడే చూపించింది. కానీ అక్కడ చిగురు నాలుగు దిగింది. చిగురు నుంచి కొలిస్తే మూడు, పన్ను తెల్లభాగం ఆగి వేరు మొదలయ్యే గీత నుంచి కొలిస్తే ఏడు. చిగురు జరుగుతుంది, ఆ గీత జరగదు, దాన్నుంచే లెక్క కట్టండి అని కాలేజీలో మాస్టారు విసుగు లేకుండా చెప్పేవారు. పరీక్షలో ఆ ప్రశ్నకు జానకి పదికి పది తెచ్చుకుంది.

ప్రోబ్ తీసిన చోటల్లా రక్తం చిమ్మింది. ఇది ఆర్నెల్లలో అయ్యేది కాదు. ఏళ్ళు పట్టి ఉంటుంది. ఆ ఏళ్ళన్నీ యాదవ్వ ఈ కుర్చీలోకే వచ్చింది.

ఆలోచించేలోపే జానకి నోటి నుంచి మాట వచ్చేసింది.

"ఏం చేస్తున్నారు యాదవ్వా నోటిని? అసలు తోముకుంటున్నారా? ఆకువక్క మళ్ళీ మొదలుపెట్టారా?"

నోట్లో అద్దం ఉన్న యాదవ్వ జవాబు చెప్పలేక కళ్ళతోనే కాదంది.

"నేను చెప్తనే ఉంట మేడం, ఇనదు," అని భవ్య అందుకుంది. "పైపైన అట్ల అని ఇట్ల అంటది. మీరే చెప్పిన్రు గద అప్పుడు, చిగుళ్ళ రోగం ఎంగిలితోని పిల్లలకు అంటుతదని. అందుకే మా చిన్నదానికి ముద్ద గూడ పెట్టనియ్య నేను."

"మంచిపని చేశావు," అంది జానకి.

యాదవ్వ లేచి కూర్చుని నోరు పుక్కిలించింది. ఉమ్మిన నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాటిని ఎవరూ చూడకుండా గబగబా కుళాయి తిప్పి కడిగేసింది.

"తప్పు నాదే మేడం. బొగ్గుతోని తోమిన చెయ్యి గిది. మీరు చెప్పినట్ల తోముతున్ననుకున్న. కోపం జేయకుండ్రి."

రెండు పళ్ళు తీయక తప్పదనీ, మిగతావాటికి చిగుళ్ళ స్పెషలిస్టుకు రాసిస్తాననీ, ముందు ఎక్స్‌రే తీయించుకుని శుక్రవారం రమ్మనీ జానకి చెప్పింది. కాయితం మీదికి వంగి చెప్పింది, మొహం చూడలేదు. మెట్లు దిగుతుంటే భవ్య గొంతు వినిపించింది: "డాక్టరమ్మతోని గూడ మాటలు వడ్తివి. ఇజ్జత్ తీస్తవు అత్తమ్మా." యాదవ్వ ఏమందో వినపడలేదు.

వాళ్ళు వెళ్ళాక జానకి కార్డు చేతిలోకి తీసుకుంది.

ఆసుపత్రిలో ప్రతి రోగికీ ఒక అట్ట కార్డు ఉంటుంది. నోట్లో ఎన్ని పళ్ళో అన్ని గడులు. ఆర్నెల్లకొక వరస. యాదవ్వ కార్డులో వరసలన్నీ విజయ గుండ్రటి దస్తూరీలో, తోరణం కట్టినట్టు అందంగా ఉన్నాయి. మూడు, రెండు, మూడు. మూడు, రెండు, మూడు. పై వరసలో నాలుగున్నచోట కింది వరసలోనూ నాలుగే. ఐదేళ్ళ వరసలు ఒకదాని నీడలా ఇంకొకటి.

కరోనా రోజుల్లో మొదలైందది. నోరు ఎంత తక్కువసేపు తెరిపిస్తే అంత మంచిదనుకునే కాలం. అద్దం పెట్టి ఒక్కసారి చూసి, "మామూలే" అనేది జానకి. మామూలే అంటే పాత అంకెలే ఎక్కించు అని విజయకు అర్థం. అన్నీ బాగానే ఉన్నాయని రోగికి అర్థం. యాదవ్వ ఆ మాట వినగానే కొంగు సర్దుకుని, "దేవుని దయ" అనేది. కరోనా పోయింది. మామూలే ఉండిపోయింది. ప్రోబ్ మాత్రం రోజూ వేడి పెట్టెలోకి వెళ్ళి శుభ్రపడి, ఎవరి నోట్లోకీ వెళ్ళకుండానే మర్నాడు మళ్ళీ పెట్టెలోకి వెళ్ళేది.

జానకి వేలు ఎడమవైపు కింద ఆరో పన్ను గడి దగ్గర ఆగింది. అక్కడా మూడు, రెండు, మూడు. అంతకు ముందు వరసలోనూ అవే. దాని ముందు వరసలోనూ.

"విజయా, ఈ పన్ను మనం తీసేశాం కదూ?"

విజయ వంగి చూసింది. "ఏది మేడం?"

"జొన్నల్లో రాయి వచ్చి కొరికితే రెండు చెక్కలైంది. మూడేళ్ళ కిందట. నేనే తీశాను. ఏడ్చింది కూడా."

విజయ కార్డు వెలుతురులోకి తిప్పి చూసింది. లేని పంటికి ఆరు వరసల కొలత. దస్తూరీ తనదే.

"మీరు మామూలే అన్నరు మేడం," అంది. తప్పించుకోవడానికి కాదు, జరిగింది జరిగినట్టు చెప్పింది.

"అన్నాను."

"ఇది జర చినిగింది గద మేడం. కొత్త కార్డు తీస్త. ఇయ్యాల్టి నంబర్లు మొదటి వరసల ఎక్కిస్తే అయిపోతది. పాతది..." ఆ మాట అక్కడికి వదిలేసింది.

జానకి వద్దనలేదు. అదే ఆమెను తరువాత పొడిచింది. వద్దనాలని తోచడానికి రెండు క్షణాలు పట్టింది. ఆ రెండు క్షణాల్లోనూ కొత్త కార్డు కళ్ళ ముందు తెల్లగా, హాయిగా కనిపించింది.

"ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?" అంది చివరికి.

విజయ సొరుగు లాగింది. చేతికొచ్చిన కార్డు ఒకటి తీసింది, ఇంకొకటి తీసింది. మూడోది తీయకుండానే సొరుగు మూసేసి, కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఉప్మా తింటూ జానకి ఈ సంగతి భర్త విశ్వనాథ్‌కి చెప్పింది. ఆయన కోర్టు వకీలు, అందువల్ల ముందు అవతలి పక్షం ఏమడిగిందో ఆరా తీస్తాడు.

"ఆవిడ అడిగిందా, ఎందుకిలా అయిందని?"

"లేదు."

"మరింకేం? ఇకనుంచి జాగ్రత్తగా చెయ్యి."

"అడగలేదండీ. కోపం చేయకండి అని నన్నే బతిమాలుకుంది. ఆవిడ కోడలి ముందు."

విశ్వనాథ్ ప్లేటులోంచి కరివేపాకు ఏరి పక్కన పెట్టాడు. జానకి మిగిలిన ఉప్మాతోనే ప్లేటు తీసుకుని లేచింది.

మర్నాడు ప్రతి రోగికీ ప్రోబ్ పెట్టింది. ఒక్కొక్కరికి పావుగంట పట్టింది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు గొణిగారు. ఎప్పుడూ లేనిది ఈ గుచ్చుడేంటి డాక్టరుగారూ అని ఒక పెద్దమనిషి నవ్వులాటకన్నాడు. జానకి తరువాతి అంకె చెప్పింది. కొందరికి నిజంగానే మూడు వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆమె ఊపిరి పీల్చుకుంది. ఇద్దరికి రాలేదు.

సాయంత్రం ఆరింటికి విజయను తాళం వేసుకోమని చెప్పి, నాంపల్లి దాకా నడిచే వెళ్ళింది. ఆటో ఎక్కితే పది నిమిషాల్లో దింపేస్తాడని భయం. స్టేషన్ ముందు నుంచి, మెట్రో కింద నుంచి నడుస్తూ మాటలు కూర్చుకుంది. కొలతల్లో కొంచెం తేడా వచ్చింది. రికార్డులో చిన్న పొరపాటు. కొంచెం, చిన్న అన్న మాటలు తీసేస్తే ఏమీ మిగలడం లేదు.

గోడ పక్కన మూడు పొయ్యిలు వరసగా మండుతున్నాయి. మధ్యది యాదవ్వది. పెనం మీద ఒక రొట్టె, పీట మీద చేతుల కింద ఒకటి. చప్ చప్‌మని లయ తప్పకుండా తడుతోంది. పక్కన భవ్య కాగితాల్లో రొట్టెలు, పచ్చడి పొట్లాలు కడుతోంది. నాలుగేళ్ళ చిన్నది తలకిందులు చేసిన బక్కెట్టు మీద కూర్చుని కాళ్ళాడిస్తోంది. ఒక ఆటోడ్రైవరు, ఫైళ్ళ సంచితో ఒక కోర్టు గుమాస్తా నిలబడి ఉన్నారు.

"అయ్యో, డాక్టరమ్మ!" యాదవ్వ నవ్వబోయి, నోటికి మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. "భవ్యా, స్టూలెయ్యి. రొట్టె తింటరా మేడం? మెత్తగ జేస్త."

"తినడానికి రాలేదు యాదవ్వా. మీతో ఒక మాట చెప్పాలి."

జానకి పొయ్యి పక్కన గొంతుక్కూర్చుంది. సెగ మొహాన కొడుతోంది. గొంతు తగ్గించి చెప్పింది. ఐదేళ్ళుగా తను కొలవలేదని. కొలవకుండానే కొలిచినట్టు కార్డులో రాయించానని. మూడేళ్ళ కిందట కొలిచి ఉంటే ఈ రెండు పళ్ళూ పోయేవి కావేమోనని. తప్పు మీ తోముడుది కాదు, నాదని. ఒక్కొక్క మాటా పంటి కింద రాయిలా వచ్చింది.

చప్పుడు ఆగింది. యాదవ్వ చేతులు రొట్టె మీదే ఉన్నాయి, కదలడం లేదు.

"కొలువలే?"

"లేదు."

"అన్ని తాపలు వస్తి గదా. పండుగైనా, పబ్బమైనా. ఆ మెట్లన్ని ఎక్కి. అన్ని తాపలల్ల ఒక్క తాపన్న కొలువలే?"

"లేదు యాదవ్వా."

"మరి నిన్న నన్నెందుకు తిట్టిన్రు మేడం?"

ఈ ప్రశ్నకు దారిపొడుగునా ఏ మాటా కూర్చుకోలేదు జానకి.

"భయమేసింది. నా తప్పు బయటపడుతుందని. నోటికొచ్చింది మీ మీద పడేశాను."

యాదవ్వ పిండి చేతులు దులుపుకుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. నిన్న లేని ఒక గట్టిదనం ఉంది.

"నాకు జెప్పుడు గాదు. గాడ జెప్పుండ్రి, నా కోడలికి. నిన్న ఆమె ముంగట తిట్టిన్రు గద, ఆమె ముంగటనే జెప్పుండ్రి."

భవ్య మూడడుగుల దూరంలోనే ఉంది. కానీ పొట్లాలు కట్టించుకునేవాళ్ళు ఇద్దరూ అక్కడే ఉన్నారు. పక్క పొయ్యి ఆవిడ కూడా ఇటే చెవి పెట్టింది. జానకి లేచి నిలబడింది.

"భవ్యా, మీ అత్తగారు సరిగ్గానే తోముకుంటున్నారు. ఈ ఐదేళ్ళూ ఆవిడ చేయవలసిందంతా చేశారు. నేనే చేయలేదు. కొలవకుండా పాత అంకెలే రాయించాను. నిన్న ఆవిడ్ని అన్నది అబద్ధం."

గుమాస్తా పొట్లం అందుకోవడం మరిచిపోయి చూస్తున్నాడు. ఆటోడ్రైవరు "క్యా బాత్ హై" అని తనలో తను అనుకున్నాడు.

భవ్యకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె మొహం ఎర్రబడింది. మెడలో టేపు చివర పట్టుకుని చూపించింది.

"నేను పదోది ఫేలయిన మేడం. జాకెట్లు కుట్టుకొని బతుకుత. ఒక్కొక్కతి, అక్కా నా పాత కొలత ఉన్నది గద, దాన్తోనే కుట్టెయ్యి అంటది. నేను కుట్ట. రమ్మంట, మళ్ళ కొలుస్త. మనిషి ఒళ్ళు గీయేడున్నట్టు మీదియేడు ఉండదని నాకు గూడ తెల్సు."

జానకి తల వంచుకుంది.

"ఇంకోటి గూడ చెప్పుండ్రి," అంది యాదవ్వ కూర్చున్నచోటు నుంచే. "ముద్ద సంగతి."

"చేత్తో ముద్ద పెడితే ఏమీ కాదు. పెద్దవాళ్ళు నోట్లో పెట్టుకున్న చెంచా పాపకు పెట్టొద్దని అప్పుడన్నాను. అంతే. నిన్న నువ్వు అన్నప్పుడు సరిదిద్దవలసింది. మంచిపని చేశావన్నాను."

భవ్య అత్తగారి వైపు చూడలేకపోయింది. పొట్లానికి దారం చుడుతూ పోయింది, అవసరమైనదానికంటే ఎక్కువ చుట్లు. పెనం మీద రొట్టె మాడు వాసన వేసింది. యాదవ్వ దాన్ని తిరగేసి, మాడనివైపు నుంచి చిన్న ముక్క తుంచి, ఊదబోయి ఆగింది. ఊదకుండా గాల్లో ఆడించి చల్లార్చి, మనవరాలి వైపు చాపింది.

చిన్నది చేతులు వెనక్కి పెట్టుకుంది. "నాయనమ్మ పెడితే పురుగులొస్తయి," అంది, పాఠం అప్పజెప్పినట్టు.

మెట్రో ఒకటి పైనుంచి వెళ్ళింది. యాదవ్వ చెయ్యి అలాగే చాపి ఉంది.

"తిను," అంది భవ్య. "ఏం కాదు. తిను బిడ్డా."

చిన్నది తల్లినీ, రొట్టె ముక్కనీ మార్చి మార్చి చూసింది. తింటుందో తినదో చూసే ధైర్యం లేక జానకి చెప్పులేసుకుంది.

"శుక్రవారం వస్తం మేడం," భవ్య వెనక నుంచి అంది. గొంతులో మెత్తదనం లేదు. "మీరు కొల్వుండ్రి. నేను రాస్త."

శుక్రవారం పదకొండింటికి ఇద్దరూ వచ్చారు. విజయ ఒక్క మాట అనకుండా పాత కార్డు, పెన్ను భవ్య చేతికిచ్చి పక్కన నిలబడి ఏ గడి ఎక్కడో చూపించింది. యాదవ్వ నోరు తెరిచింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

జానకి కుడివైపు పైనుంచి మొదలుపెట్టింది. గోరు మీద ఆనిస్తే గోరు తెల్లబడనంత మెల్లగా ప్రోబ్ దింపి, అంకె చెప్పి, వేరు మొదలయ్యే గీత నుంచి చిగురు ఎంత జారిందో అదీ చెప్పి ఆగింది. భవ్య ప్రతి అంకెనూ తిరిగి పైకి చదివి, ఔనంటేనే రాసింది. "నాలుగు? ఔనా?" "అవును." "ఆరు? ఔనా?" "అవును." కింద షాపులో ఎవరో సూట్‌కేసు చక్రాలు దొర్లించి చూస్తున్నారు.

ఎడమవైపు కిందికి వచ్చేసరికి జానకి చెయ్యి ఆగింది.

"చెప్పుండ్రి మేడం."

"అక్కడ పన్ను లేదు."

భవ్య కార్డు మీదికి వంగింది. పై వరసలన్నీ ఒక్కొక్కటే వేలితో చూసుకుంటూ దిగింది. తల ఎత్తి విజయను చూసింది, జానకిని చూసింది.

"ఈడ నంబర్లున్నయి."

"ఉన్నాయి," అంది జానకి. "పన్ను లేదు. మూడేళ్ళ కిందట నేనే తీశాను. లేదని రాయి."

కుర్చీలో యాదవ్వ నోరు తెరుచుకునే ఉంది. కళ్ళు మాత్రం ఇటు తిరిగాయి. భవ్య ఆ గడిలో పెద్ద అక్షరాలతో, పక్క గడి మీదికి కూడా పోయేలా, లేదు అని రాసింది.

"లేదు," అని చదివింది. "ఔనా?"

"అవును."